సింహం పేరున్న పిల్లాడికి ధైర్యం గురించి ఏ పుస్తకాలు చదివించాలి?

భువనగిరి_అమ్మ

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మా ఇలవేల్పు యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి. పెళ్లయిన ఆరేళ్లకు గానీ మాకు పిల్లలు కలగలేదు, అందుకని మా మామయ్యగారు మొక్కుకున్న ప్రకారం బాబుకి ఆ స్వామి పేరే పెట్టుకున్నాం. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. చదువుతాడు, బొమ్మలు చాలా బాగా వేస్తాడు, కానీ భయస్తుడు. కరెంటు పోతే నా కొంగు వదలడు, వీధిలో కుక్క కనబడితే ఇంకో వీధి తిరిగి పోదామంటాడు, నలుగురిలో నోరు తెరవమంటే చెమటలు పడతాయి. పోయిన నెల స్కూల్లో పద్యం చెప్పమని స్టేజీ ఎక్కించారు. "ఇందు గలడందు లేడని" పద్యం. ఇంట్లో ఇరవైసార్లు తప్పు లేకుండా అప్పజెప్పినవాడు అక్కడ రెండు పాదాలు చెప్పి ఆగిపోయాడు, కాళ్లు వణికాయి. వెనక వరసలో ఎవరో పిల్లాడు "సింహం పిల్లి అయిపోయిందిరోయ్" అన్నాడట, అందరూ నవ్వారట.

ఆ రోజు నుంచి పేరు మార్చమని ఒకటే పట్టు.

పుస్తకాలంటే ఇష్టం కదా అని షాపుకి వెళ్లి సింహం ఉన్నవి, ధైర్యం గురించి ఉన్నవి నాలుగైదు కొన్నాను. అన్నిట్లో ఒకటే, సింహం గర్జిస్తుంది, మిగతా జంతువులన్నీ పారిపోతాయి, చివర్లో "కాబట్టి పిల్లలూ, భయపడకూడదు" అని ఉంటుంది. రెండోది చదువుతుండగానే మూసేసి "సింహానికి భయం వేయదమ్మా, నాకు వేస్తుంది, ఆ పేరు నాది కాదు" అన్నాడు. నాకు మాట రాలేదు.

భయపడకు అని చెప్పే పుస్తకాలు నాకొద్దు. భయం ఉన్న పిల్లాడు చదువుకుని తన గురించే రాశారు అనుకునే పుస్తకాలు కావాలి, సింహం ఉంటే ఇంకా మంచిది, తెలుగులో ఉంటే మరీ మంచిది. అసలు సింహాన్నే ధైర్యానికి గుర్తుగా ఎందుకు పెట్టుకున్నారో కూడా ఎవరైనా చెప్తే వాడికి చెప్పుకుంటాను.

---

ఒంగోలు_మాస్టారు

అమ్మా, ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ పోస్టు పొద్దున చదివాను, పగలంతా అదే ఆలోచన.

సింహానికి భయం వేయదని మీ బాబుకి ఎవరు చెప్పారో గానీ, మన పాత పుస్తకాల్లో మాత్రం అలా లేదు. పంచతంత్రంలో మిత్రభేదం మొదలయ్యేదే సింహం భయపడటంతో. వర్ధమానుడనే వర్తకుడి ఎద్దు సంజీవకం కాలు విరిగి అడవిలో ఉండిపోతుంది, కొన్నాళ్లకు పచ్చగడ్డి మేసి కోలుకుని గట్టిగా రంకె వేస్తుంది. అదే సమయానికి అడవికి రాజైన పింగళకం అనే సింహం యమునకి నీళ్లు తాగడానికి వచ్చి ఆ రంకె వింటుంది. ఎప్పుడూ వినని చప్పుడు. గుండె గుభేలుమంటుంది, నీళ్లు తాగకుండానే వెనక్కి తిరిగిపోతుంది, పైగా ఆ భయం బయటపడకుండా గంభీరంగా కూర్చుంటుంది. దాహం వేస్తున్నా నీళ్లు తాగకుండా వెళ్లిపోయిన రాజుని చూసి దమనకం అనే నక్క సంగతి పసిగడుతుంది. కథంతా అక్కణ్ణుంచే నడుస్తుంది. చిన్నయసూరి 1853లో అచ్చు వేసిన నీతిచంద్రికలో ఈ కథ చదువుకునే మా తాతల తరం, తండ్రుల తరం పెరిగింది. ఆ భాష తొమ్మిదేళ్ల పిల్లాడికి కొరుకుడు పడదు, కాబట్టి మీరు చదివి మీ మాటల్లో చెప్పండి. ఒక్క విషయం మాత్రం వదలకండి, సింహం నీళ్లు తాగకుండా వెళ్లిపోయే చోట కాసేపు ఆగండి. స్టేజీ మీద రెండు పాదాల దగ్గర ఆగిపోయినవాడికి ఆ చోటు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

పింగళకం భయం ఎలా పోయింది అంటే, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో దమనకం వెళ్లి చూసి వచ్చి చెప్పాక పోయింది. దమనకం ఇంకో కథ కూడా చెప్తుంది, ఆకలేసిన నక్క ఒకటి యుద్ధభూమిలో పెద్ద చప్పుడు విని వణికిపోయి, చివరికి దగ్గరకి వెళ్లి చూస్తే గాలికి చెట్టుకొమ్మ తగిలి మోగుతున్న భేరి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో వాడి చెయ్యి పట్టుకుని వెళ్లి చూపించండి, ఫ్రిజ్ చప్పుడు, మేడ మీద ట్యాంకు చప్పుడు.

ఇంకోటి, మా ఊరి సంగతి కాబట్టి చెప్పకుండా ఉండలేను. టంగుటూరి ప్రకాశం పంతులుగారిని ఆంధ్రకేసరి అంటాం. కేసరి అంటే జూలు ఉన్నది, సింహం. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా మద్రాసులో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు పోలీసు కాల్పుల్లో ఒకాయన చనిపోయాడు, ఆ శవాన్ని చూడటానికి పంతులుగారు వెళ్తే తుపాకులు అడ్డం పెట్టారు, ఆయన చొక్కా తెరిచి గుండె చూపించారు. ఇది అందరికీ తెలుసు. కానీ ఆయన ఆత్మకథ "నా జీవిత యాత్ర" తెరిస్తే, తండ్రి పోయాక ఒంగోల్లో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిన రోజులు కనిపిస్తాయి. ఆ గుండె అక్కడ తయారైందని నా నమ్మకం. పిల్లాడికి ఇంకో నాలుగేళ్లు పోయాక ఇవ్వండి.

---

డాలస్_నాన్న

మాస్టారు చెప్పింది చదివాక నాకు ఆశ్చర్యం వేసిందండి, నేను రాద్దామనుకున్నది సరిగ్గా అలాంటి సింహం గురించే.

మా పాప ఇక్కడ ఒకటో క్లాసులో ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిషు, రెండిటి మధ్య నోరు కట్టేసినట్టు ఉండేది. అప్పుడు లైబ్రరీ నుంచి "ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్" తెచ్చాను. ఎల్. ఫ్రాంక్ బామ్ అనే ఆయన 1900లో రాసిన పుస్తకం. అందులో ఒక పిరికి సింహం ఉంటుంది, దాన్ని అలాగే పిలుస్తారు. నేను గర్జిస్తే అందరూ పారిపోతారు గానీ నా గుండె మాత్రం దడదడలాడుతుంది, నేను పిరికిదాన్ని అని చెప్పుకుని ఏడుస్తుంది. ధైర్యం ఇమ్మని అడగడానికి డొరొతీ అనే పాపతో కలిసి మాంత్రికుడి దగ్గరకి బయల్దేరుతుంది.

దారిలో ఒక లోతైన అగడ్త అడ్డం వస్తుంది. దూకగలిగింది సింహం ఒక్కటే. పడిపోతానేమోనని నాకు చాలా భయంగా ఉంది, కానీ ప్రయత్నించడం తప్ప వేరే దారి లేదు కదా అంటుంది, అని ఒక్కొక్కర్ని వీపు మీద ఎక్కించుకుని అటు దూకి, మళ్లీ ఇటు వచ్చి, ఇంకొకర్ని ఎక్కించుకుని దూకుతుంది. మా పాప ఆ పేజీ దగ్గర నన్ను ఆపి "నాన్నా, దీనికి భయమేస్తోందిగా, మరెందుకు దూకుతోంది" అంది. నేనేమీ చెప్పలేదు, అదే ఆలోచించుకుంది. చివర్లో మాంత్రికుడు ఒక ఆకుపచ్చ సీసాలోంచి ఏదో పోసి ఇదే ధైర్యం తాగు అంటాడు, కానీ అంతకు ముందే అసలు మాట చెప్తాడు, ప్రమాదం ముందు భయపడని ప్రాణి ఉండదని, భయం వేస్తున్నా నిలబడటమే ధైర్యమని, అది నీ దగ్గర కావలసినంత ఉందని.

నా మటుకు నాకు ఆ సీసా కన్నా అగడ్తే ముఖ్యం. మీ బాబుకి అక్కడిదాకా చదివి వినిపించినా చాలు. ఇంగ్లిషు తేలిగ్గానే ఉంటుంది, మీరే తెలుగులో చెప్తూ పోవచ్చు.

---

నల్లమల_బాట

అక్కా, నేను ఆత్మకూరు వైపు అడవిలో తిరిగేవాణ్ణి, పుస్తకాలు తక్కువే చదివాను గానీ సింహాల గురించి నాలుగు మాటలు చెప్తాను, మీ అబ్బాయికి పనికొస్తాయి.

మొదటిది, మన తెలుగు నేల మీద సింహాలు లేవు. ఒకప్పుడు ఉత్తర భారతమంతా తిరిగినా దక్షిణంగా నర్మద దాకానే వాటి హద్దు అంటారు. ఇప్పుడు మన దేశంలో సొంతంగా అడవిలో బతికే సింహాలు గుజరాత్‌లో గిర్, దాని చుట్టుపక్కల జిల్లాల్లోనే ఉన్నాయి, 2020 లెక్కలో 674, 2025 లెక్కలో 891. మా నల్లమలలో ఉండేది పులి. అయినా మనవాళ్ల పేర్లు చూడండి, నరసింహులు, సింహాచలం, సింహాద్రి, నరసమ్మ, యాదగిరి, ఊరికి పదిమంది ఉంటారు. ఎన్నడూ కంటితో చూడని జంతువుని ఇంత దగ్గర చేసుకున్నాం. అది కథల వల్ల, గుళ్ల వల్ల వచ్చింది. అహోబిలంలో అయితే చెంచులు ఆ స్వామిని మా ఇంటి అల్లుడు అంటారు, చెంచులక్ష్మిని చేసుకున్నాడని. పారువేట ఉత్సవం అప్పుడు వచ్చి చూడండి, ఉగ్రరూపం అని మనం దూరం నుంచి దణ్ణం పెట్టే దేవుడితో వాళ్లు చుట్టరికం కలుపుకుని మాట్లాడతారు. భయం పోవడానికి అదీ ఒక దారే అనిపిస్తుంది నాకు.

రెండోది, అసలు సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుంది. వేట ఎక్కువగా ఆడ సింహాలది. దెబ్బ తగిలితే వేటాడలేదు కాబట్టి అనవసరమైన గొడవకి పోదు, పెద్ద దున్నల గుంపు ఎదురు తిరిగితే తప్పుకుంటుంది. అది తెలివి, దాన్ని పిరికితనం అని ఎవరూ అనరు. మీవాడు కుక్క కనబడితే ఇంకో వీధిలో పోదామంటున్నాడు చూడండి, ఆ కుక్క కరిచేదో కాదో తెలియనప్పుడు అడవిలో మేమూ అదే చేస్తాం. పరుగెత్తొద్దు అని మాత్రం నేర్పండి.

గిర్‌లో మాల్ధారీలని పశువులు కాసుకునేవాళ్లు ఉన్నారు, చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండదు, సింహాలు తిరిగే చోటే గేదెల్ని మేపుతారు. అక్కడ ఫారెస్టు డిపార్ట్‌మెంటులో ఆడవాళ్లు గార్డులుగా పనిచేస్తున్నారు, గాయపడ్డ సింహాల్ని పట్టి వైద్యం చేయిస్తారు. సింహం ధైర్యం గురించి రాసేవాళ్లు సింహం పక్కన బతికే మనుషుల గురించి ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

---

కృష్ణలంక_చదువరి

చివరి మాటకి నా ఓటు. నేను కాస్త అడ్డం మాట్లాడతాను, తప్పుగా తీసుకోవద్దు.

అసలు సింహాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మన సినిమాల్లో, ఫ్లెక్సీల్లో, బండి వెనక స్టిక్కర్లలో సింహమంటే అరిచేవాడు, తొడ కొట్టేవాడు, ఎదుటివాణ్ణి వణికించేవాడు. ఆ క్లాసులో నవ్విన పిల్లలకి తెలిసిన సింహం అదే. మీ అబ్బాయిని ఆ సింహంలా తయారు చేయాలని మీకు లేదు కదా. అరవడానికి ధైర్యం అక్కర్లేదు, పక్కన పదిమంది ఉంటే ఎవరైనా అరుస్తారు.

పిల్లాడి కోసం అడిగారు, నేను మీ కోసం ఒక పుస్తకం చెప్తాను. కొండపల్లి కోటేశ్వరమ్మగారి "నిర్జన వారధి", 2012లో వచ్చింది. ఆవిడ 1918లో పుట్టారు, ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలిసేసరికి వితంతువు. మళ్లీ పెళ్లి చేసుకుని కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చి అజ్ఞాతంలో బతికి, ఆ తర్వాత భర్త విడిచిపోతే నడివయసులో మళ్లీ చదువుకి కూర్చుని హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం చేసి తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. కన్నపిల్లల్ని పోగొట్టుకున్నారు. ఆ పుస్తకంలో గర్జన ఎక్కడా లేదు. నిబ్బరం అంటారు చూడండి, అది ఉంది. మా అమ్మ అది చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు లేచి, పన్నెండేళ్లుగా వాయిదా వేస్తున్న డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మల్లు స్వరాజ్యంగారి "నా మాటే తుపాకీ తూటా" కూడా, మీది భువనగిరి వైపు అంటున్నారు కాబట్టి అందులో ఊళ్ల పేర్లు మీకు తెలిసినవే ఉంటాయి. నిజాం ప్రభుత్వం ఆవిడ తలకి పదివేలు వెల కట్టింది, అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఇవి పిల్లల పుస్తకాలు కావని తెలుసు. కానీ తల్లి చదివితే పిల్లాడికి చేరతాయి. ఇంట్లో రాత్రిపూట మీరు మామూలుగా చెప్పే మాటల్లోకి వచ్చేస్తాయి.

---

భువనగిరి_అమ్మ

ఇంత బాగా రాస్తారని అనుకోలేదు, అందరికీ దణ్ణాలు. కృష్ణలంక అక్కా, మీరు చెప్పిన పుస్తకం రేపే తెప్పించుకుంటాను. కానీ సింహాన్ని పక్కన పెట్టడం నా వల్ల కాదు, అది వాడి పేరులోనే ఉంది. రోజూ హాజరు పిలిచినప్పుడల్లా వింటాడు.

---

ఒంగోలు_మాస్టారు

ఆ మాట నిజం. అందుకే ఇంకోటి చెప్తాను, మొదటే చెప్పాల్సింది.

బాబు స్టేజీ మీద ఆగిపోయిన పద్యం ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు చెప్పిందో వాడికి తెలుసా? మనం పిల్లల చేత పద్యాలు బట్టీ పట్టిస్తాం, కథ చెప్పం. పోతన భాగవతంలో హిరణ్యకశిపుడే అంటాడు కొడుకు ప్రహ్లాదుణ్ణి చూపించి, పంచాబ్దంబులవాడు అని. అయిదేళ్లవాడు. మీ వాడికన్నా నాలుగేళ్లు చిన్న. ఆ అయిదేళ్లవాణ్ణి ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, కొండ మీంచి తోశారు. లోకాలన్నీ ఎవరి పేరు చెబితే వణుకుతాయో ఆ తండ్రి ఎదురుగా నిలబడి, చక్రి, అంటే విష్ణువు, ఎక్కడున్నాడు చూపించరా అని అడిగితే, ఈ పద్యం చెప్పాడు. గొంతు పెంచలేదు. "వింటే" అన్నాడు చివర్లో. నాన్నతో పిల్లాడు మాట్లాడినట్టే ఉంటుంది ఆ మాట.

స్తంభం పగిలి నరసింహస్వామి వస్తాడు, సినిమాల్లో అక్కడితో అయిపోతుంది. పోతన దగ్గర అయిపోదు. హిరణ్యకశిపుణ్ణి చంపాక కూడా స్వామి కోపం చల్లారదు. బ్రహ్మ, శివుడు, ఇంద్రుడు అందరూ దూరంగా నిలబడి స్తోత్రాలు చేస్తారు గానీ దగ్గరకి పోరు. లక్ష్మీదేవిని వెళ్లమంటారు, ఆవిడ కూడా ఆ రూపం ఎన్నడూ చూడలేదు, భయపడి ఆగిపోతుంది. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పిలిచి నువ్వు వెళ్లు నాయనా అంటాడు. వాడు మెల్లగా నడిచి వెళ్లి పాదాల మీద పడతాడు. స్వామి లేవనెత్తి తల మీద చెయ్యి పెడతాడు.

అందరూ భయపడిన ఆ సింహం దగ్గరకి నడిచి వెళ్లింది ఒక పిల్లవాడు. ఆ కథలో ధైర్యం ఎవరిది అని మీవాణ్ణే అడగండి. పేరు స్వామిది పెట్టుకున్నారు కానీ, వాడు ఉండాల్సింది ఆ పిల్లవాడి చోట.

---

కృష్ణలంక_చదువరి

మాస్టారూ, గౌరవంతోనే అంటున్నాను, చీకటంటే భయపడే పిల్లాడికి పేగులు తీసి మెడలో వేసుకునే కథ చెప్పమంటారా? నాకు చిన్నప్పుడు ఆ బొమ్మ చూసి జ్వరం వచ్చింది.

---

ఒంగోలు_మాస్టారు

మంచి మాట అన్నావమ్మా. ఆ భాగం దాటేసి చెప్పొచ్చు, తల్లికి తెలుస్తుంది ఎంత చెప్పాలో. నేను చెప్పమన్నది ఆ తర్వాతిది, దగ్గరకి నడిచి వెళ్లడం. ఇంకో సంగతి కూడా ఉంది, ప్రహ్లాదుడు స్వామి ముందు నాకసలు భయమే లేదు అని గొప్పలు చెప్పుకోడు. నీ కోరలకి, నీ గోళ్లకి భయపడను గానీ ఈ సంసారానికి భయపడతాను, కాపాడు అంటాడు. అంతటి పిల్లవాడు కూడా నాకు ఫలానా దానికి భయం అని నోరు తెరిచి చెప్పుకున్నాడు.

---

రాజమండ్రి_రైలు

నేను చదివినవి రెండు చెప్పి వెళ్తాను.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ "చాందేర్ పహాడ్", 1937లో బెంగాలీలో పుస్తకంగా వచ్చింది. శంకర్ అనే కుర్రాడు ఆఫ్రికాలో రైలు మార్గం పనికి వెళ్తాడు, చుట్టూ సింహాలు, తర్వాత మనుషులే లేని ఒక చిన్న స్టేషన్‌కి మాస్టర్‌గా వేస్తారు. ఒక రాత్రి గదిలో మంచం దగ్గర బ్లాక్ మాంబా పాము పడగ విప్పి ఉంటుంది, కదిలితే చావే, టార్చి వెలుగు దాని కళ్లలో పడేట్టు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంటాడు. చెయ్యి నొప్పెట్టినా దించడు. నేను రైల్వేలో రాత్రి డ్యూటీలు చేసేవాణ్ణి కాబట్టి ఆ పేజీలు నాకు వేరేగా తగిలాయి. కథ కల్పితమే, కానీ ఆ రైలు మార్గం నిజం, 1898లో ఇప్పటి కెన్యాలోని సావో దగ్గర వంతెన కట్టేటప్పుడు రెండు సింహాలు మన దేశం నుంచి వెళ్లిన కూలీలని గుడారాల్లోంచి లాక్కుపోయాయి. వాటిని చంపిన, ఆ వంతెన పని చూసిన ప్యాటర్సన్ 1907లో పుస్తకం రాశాడు, ఆ సింహాల చర్మాలు కూరిన బొమ్మలు షికాగో మ్యూజియంలో ఉన్నాయి. అంత జరిగినా మిగిలిన కూలీలు ఆ వంతెన పూర్తి చేశారు కదా, వాళ్ల పేర్లు ఏ పుస్తకానికీ అట్టెక్కలేదు. పదమూడు, పద్నాలుగేళ్లు వస్తే ఇవ్వొచ్చు, తొమ్మిదికి వద్దు.

రెండోది హెమింగ్వే "ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ". 84 రోజులు ఒక్క చేప కూడా పడని ముసలాయన కథ అని అందరికీ తెలుసు. కానీ ఆయనకి వచ్చే కలలు గుర్తున్నాయా? చిన్నప్పుడు ఓడలో పనిచేస్తూ ఆఫ్రికా తీరంలో ఇసుక మీద చూసిన సింహాలు. పిల్లి పిల్లల్లా ఆడుకునే సింహాలు. పుస్తకం చివరి వాక్యం కూడా అదే, ముసలాయన సింహాల కల కంటున్నాడు అని. ఆ క్లాసులో పిల్లాడు పిల్లి అన్నాడు కదా, ఆ పుస్తకంలో సింహాలే పిల్లుల్లా ఆడుకుంటాయి, అది మీవాడికి చెప్పండి.

ఇంకో చిన్న మాట. మనం తెలుగులో "ధైర్యం చెప్పడం" అంటాం. వాడికి కాస్త ధైర్యం చెప్పి రా, అంటాం. అంటే అది ఒకరు ఇంకొకరికి చెప్పేది అనేగా. మీరు చేస్తున్నది అదే.

---

భువనగిరి_అమ్మ

మూడు వారాలైంది, మధ్యలో రాయలేకపోయాను, క్షమించండి.

ముందు పింగళకం కథ చెప్పాను. మాస్టారు చెప్పినట్టే నీళ్లు తాగకుండా వెళ్లిపోయే చోట ఆగాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "దానికి దాహం వేస్తోంది కదమ్మా పాపం" అన్నాడు. మర్నాడు బడి నుంచి వచ్చి బొమ్మ వేశాడు, ఏటి ఒడ్డున సింహం, తల వెనక్కి తిప్పి ఉంది, నాలుగు కాళ్ల చుట్టూ చిన్న చిన్న గీతలు. ఇవేంట్రా అంటే వణుకు అన్నాడు. ఆ బొమ్మ ఫ్రిజ్ మీద అంటించాం.

ఓజ్ కథలో అగడ్త మూడు రాత్రులు వరసగా చెప్పించుకున్నాడు. ఒక్కొక్కర్ని అటు దించి మళ్లీ వెనక్కి రావాలి కదా, ఆ వెనక్కి వచ్చేటప్పుడు దాని వీపు మీద ఎవరూ ఉండరు కదా, అప్పుడు దానికి ఇంకా భయమేస్తుంది అన్నాడు. ఇది నాకు తట్టలేదు.

ప్రహ్లాదుడి కథ మాత్రం భయపడుతూనే మొదలుపెట్టాను, కృష్ణలంక అక్క చెప్పింది గుర్తుపెట్టుకుని ఆ భాగం దాటేశాను. లక్ష్మీదేవి కూడా ఆగిపోయింది అంటే నమ్మలేదు, నిజమా అని మూడుసార్లు అడిగాడు. ఆదివారం గుట్టకి తీసుకెళ్లాం. గుహలోకి వంగి వెళ్లేటప్పుడు ఎప్పుడూ వాళ్ల నాన్న చంకనెక్కేవాడు, ఈసారి నా వేలు పట్టుకుని నడిచాడు. వేలు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నాడు.

నిన్న సాయంత్రం కింది ఇంటి అవ్వ మేడ మీద బియ్యం చెరుగుతుంటే వెళ్లి ఆమె ముందు నిలబడి పద్యం చెప్పాడు, నాలుగు పాదాలూ. నేను మెట్ల మీద దాక్కుని విన్నాను. మూడో పాదం దగ్గర ఒక్కసారి ఆగాడు, అవ్వ చేట ఆపి చూసింది, మళ్లీ అందుకున్నాడు. స్కూల్లో ఇంకా చెప్పనంటున్నాడు, నేనూ అడగడం లేదు. కరెంటు పోతే ఇంకా నా కొంగే. పేరు మార్చమని మాత్రం ఈ మధ్య అనలేదు.

కోటేశ్వరమ్మగారి పుస్తకం సగంలో ఉన్నాను, రాత్రి వాడు పడుకున్నాక చదువుతున్నాను. అయిపోయాక మళ్లీ వచ్చి రాస్తాను. మాస్టారూ, ఇది తన ప్రశ్న అని వాడే రాయమన్నాడు, ప్రహ్లాదుడు స్వామి దగ్గరకి నడిచి వెళ్లినప్పుడు ఎన్ని అడుగులు వేశాడో పోతన రాశారా అని అడుగుతున్నాడు.